మెదడు నడిమింటి కావలి

"పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టండి" అన్నాడట వెనుకటికొకడు. ఈ సామెత వినని తెలుగువాడు ఉండడు. తరగతిలో సామెతలను బోధించేటప్పుడు మేమును దీనిని చెప్పి విద్యార్థులను నవ్వించినవారమే. కాని కొన్ని సంవత్సరాల క్రితం రాజవొమ్మంగి ప్రాంతంలో మా కంటబడిన ఒక దృశ్యం తరువాత ఆ సామెతను నవ్వుతూ చెప్పడం మాకు సాధ్యపడలేదు. ఆ దృశ్యమే ఈ వ్యాసానికి కారణం.

రాజవొమ్మంగి పేరు మన విద్యార్థులకు చరిత్ర పాఠంలో పరిచితమే. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లను అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో ముట్టడించి తుపాకులను స్వాధీనం చేసుకొన్న వృత్తాంతం అందరమూ చదువుకొన్నదే. ఆ చరిత్ర స్థలాలను చూపించి, గూడేలలో కొంత సేవ చేయించవలెననే తలంపుతో విద్యార్థులను వెంటబెట్టుకొని మేము అక్కడ వారం దినాలు గడిపాము.

ఒక గూడెంలో పశువుల పాక గుంజకు ఒక యువకుడు కట్టబడి ఉన్నాడు. వయస్సు ఇరవైకి మించదు. కాలికి పలుపుతాడు. ప్రక్కన అన్నం గిన్నె. మమ్ములను చూచి అతని తల్లి తలవంచుకొన్నది. "గాలి సోకింది బాబూ. రాత్రంతా ఎవరితోనో మాటాడతాడు. అడివిలోకి పారిపోతాడని కట్టేసినాం" అన్నది. ఎజ్జోడు వచ్చి చూచాడట. కోడిని కోశారట. గుణం కనిపించలేదు. మేము దగ్గరకు వెళ్లి పలుకరించగా ఆ యువకుడు చాలాసేపు మౌనంగా ఉండి, తరువాత మెల్లగా అన్న మాట ఇది: "అన్నీ ఒక్కసారే లోపలికొచ్చేత్తన్నాయి సారూ. ఆకు మాటాడతాది, వాన మాటాడతాది, మనుసులు మాటాడతారు. దేన్నీ ఆపలేకపోతన్నాను."

తిరుగు ప్రయాణంలో బస్సులో ఒక విద్యార్థిని, "మాస్టారూ, అతనికి వచ్చినదేమిటి?" అని ప్రశ్నించినది. మేము తెలుగు బోధించే వారము, వైద్యులము కాము. సమాధానం లేకపోయినది. ఆ తరువాత గ్రంథాలను చదివి, వైద్యమిత్రులను అడిగి, మాకు అర్థమైనంతలో ఆ ప్రశ్నకు సమాధానాన్ని ఇక్కడ నివేదిస్తున్నాము. సగం సమాధానం ఆ యువకుని మాటలోనే ఉన్నదని మాకు ఆలస్యంగా తెలిసినది.

నడిమింటి గది

మెదడు నట్టనడుమ, రెండు అర్ధగోళాల అడుగున, చిన్న గుడ్ల ఆకారంలో రెండు ముద్దలు కలవు. ఒక్కొక్కటి సుమారు 3 సెంటీమీటర్ల పొడవు. దీనికి శాస్త్రజ్ఞులు థలామస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ఆ మాటకు ఇంటి లోపలి గది, పడకటిల్లు అని అర్థం. అందువల్లనే మన తెలుగు పాఠ్యగ్రంథాలలో దీనికి పర్యంకమనే పేరు కూడా కలదు. దీని దిగువన ఉన్నదే హైపోథలామస్, అనగా అధోపర్యంకం.

పేరు పడకటిల్లే గాని, పని మాత్రం నిద్రించేది కాదు. కన్ను చూచినది, చెవి విన్నది, చర్మం తాకినది, నాలుక రుచి చూచినది, ఇవన్నీ మెదడు పైపొరను చేరబోయే ముందు ఈ గదిలో ఆగి వెళ్లవలసినవే. పైపొర అనగా వల్కలం. మన ఆలోచన, భాష, నిర్ణయం నెలకొన్న స్థానం. ఒక్క వాసనకు మాత్రమే ఈ కట్టుబాటు లేదు. అది వేరొక అడ్డదారిన ముందుగా వల్కలాన్ని చేరగలదు.

మన్యం దారిలో ప్రయాణించిన వారికి అటవీశాఖ చెక్‌పోస్టు తెలియనిది కాదు. కొండ దిగిన ప్రతి బండీ అక్కడ ఆగవలెను. కావలివాడు సరుకును చూస్తాడు, కాగితాన్ని చూస్తాడు, పంపదగినదానిని పంపుతాడు, తక్కిన దానిని నిలుపుతాడు. థలామస్ పని ఇంచుమించు అటువంటిదే. అయితే ఈ చెక్‌పోస్టులో కావలివాడు ఒక్కడు కాదు. దీనిలో యాభైకి పైగా చిన్న చిన్న కేంద్రకాలు ఉన్నవి. ఒక కేంద్రకం చూపునకు, ఒకటి వినికిడికి, ఒకటి స్పర్శకు. మధ్య పృష్ఠ కేంద్రకమనేది నుదుటి వెనుకనున్న ఆలోచనా ప్రాంతంతో సంబంధం కలిగినది. వీటన్నింటిని పలుచని తెరవలె చుట్టి జాలక కేంద్రకమనే పొర ఒకటి కలదు. ఈ పొరలోని కణాలు వార్తలను ముందుకు పంపవు. ఇతర కేంద్రకాలను నెమ్మదింపజేయడమే వాటి పని. డి.ఎన్.ఏ. నిర్మాణాన్ని కనుగొన్న వారిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ 1984లో ఈ పొరను గురించి ఒక ఊహను ప్రతిపాదించాడు. చీకటిలో టార్చిలైటు వలె ఇది మన ధ్యాసను అవసరమైన విషయం మీదికి తిప్పుతుందని ఆయన భావన.

ఇంకొక విశేషం. చెక్‌పోస్టు నుంచి పైకి పోయే తంత్రుల కన్న, పై నుంచి చెక్‌పోస్టుకు దిగివచ్చే తంత్రులే ఎక్కువ. అనగా వల్కలం కేవలం వార్తల కోసం ఎదురుచూస్తూ కూర్చోదు. ఏ వార్త కావలెనో, ఏది అక్కరలేదో ఎప్పటికప్పుడు కావలివానికి ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. పరీక్షకు చదువుకొనే విద్యార్థికి వీధిలోని మైకు మోత వినబడకపోవడం, అదే గొడవలో ఎవరో అతని పేరు పిలిస్తే వెంటనే వినబడడం, ఈ ఏర్పాటు వల్లనే సాధ్యమని చెప్పవచ్చును.

జ్ఞానేంద్రియాల వార్తలన్నీ ఒకచోట కలియవలెననే ఊహ క్రొత్తది కాదు. సుమారు 1025 నాటికి ఇబ్న్ సీనా రచించిన 'అల్ ఖానూన్' అనే వైద్యగ్రంథంలో 'హిస్సె ముష్తరక్' అనే అంతరింద్రియం చెప్పబడినది. ఉమ్మడి ఇంద్రియమని దాని అర్థం. అన్ని ఇంద్రియాల అనుభవాలు అక్కడ కలుస్తాయని, అది మెదడు ముందు కుహరంలో ఉన్నదని ఆయన తలచాడు. స్థానం సరికాదు. కాని అన్నీ కలిసే చోటు ఒకటి ఉండి తీరవలెననే ఆలోచనలోని సూక్ష్మత నేటికీ మెచ్చదగినది.

కావలి సడలినప్పుడు

ఇప్పుడు వ్యాధి సంగతి. 1908లో స్విట్జర్లాండు వైద్యుడు ఆయిగెన్ బ్లాయిలర్ 'స్కిజోఫ్రీనియా' అనే మాటను సృష్టించాడు. గ్రీకులో చీలిన మనస్సు అని దాని అర్థం. తెలుగులో మనోవైదల్యమని అనువదించారు. ఈ పేరు వల్ల ఒక పొరపాటు వ్యాపించినది. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండడమే ఈ వ్యాధియని సినిమాలు చూచిన వారు అనుకొంటారు. అది సత్యం కాదు. చీలినది మనిషి కాదు. ఆలోచనకు, అనుభూతికి, అనుభవానికి నడుమనున్న అల్లిక.

లేని మాటలు వినబడడం, ఎవరో తనకు కీడు చేయబోతున్నారని నిర్హేతుకంగా నమ్మడం, మాట వరుస తప్పడం, క్రమంగా ఉత్సాహం, మాట, స్నేహం సన్నగిల్లడం దీని ముఖ్య లక్షణాలు. సాధారణంగా యౌవనారంభంలో, అనగా సరిగా కళాశాల చదువుల వయస్సులో ఇది తల చూపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో సుమారు 2 కోట్ల 40 లక్షల మందికి, అనగా ప్రతి 300 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నది. మన కళాశాల వంటి విద్యాలయాలు నాలుగైదు ఉన్న ఊరిలో ఇటువంటివారు తప్పక ఉంటారు. వారు మనకు కనబడకపోవడానికి కారణం వారు లేకపోవడం కాదు, దాచబడడం.

ఈ వ్యాధిలో థలామస్ పాత్ర ఏమిటి? మూడు విధాల సాక్ష్యాలను చెప్పుకొందాము.

మొదటిది ఒక సులభమైన ప్రయోగం. మనిషి చెవిలో 'టక్' మని ఒక శబ్దం చేసి, అర సెకను తరువాత మరల అదే శబ్దం చేస్తారు. ఆరోగ్యవంతుని మెదడు మొదటి శబ్దానికి గట్టిగా స్పందించి, రెండవ దానికి తక్కువగా స్పందిస్తుంది. విన్నదే గదా అని కావలివాడు దానిని నిలిపివేస్తాడు. స్కిజోఫ్రీనియా ఉన్న చాలమందిలో రెండవ శబ్దానికి కూడా మెదడు ఇంచుమించు అంతే గట్టిగా స్పందిస్తుంది. 1982లో అమెరికాలోని కొలరాడోలో రాబర్ట్ ఫ్రీడ్‌మన్ బృందం దీనిని వెల్లడించినది. ఈ నిలుపుదలలో థలామస్‌తో పాటు ఇతర భాగాలకు కూడా పాత్ర ఉన్నది. కాని తాత్పర్యం స్పష్టం. మనకు గోడ గడియారం చప్పుడు కొన్ని నిమిషాలకు వినబడకుండా పోతుంది. వారికి అది పోదు. "దేన్నీ ఆపలేకపోతన్నాను" అన్న ఆ యువకుని మాట మరల జ్ఞాపకం చేసుకొనండి.

రెండవది నిద్ర. మనం నిద్రించేటప్పుడు థలామస్ బయటి వార్తలకు తలుపు మూస్తుంది. ఆ సమయంలో జాలక కేంద్రకం నుంచి బయలుదేరే చిన్న చిన్న తరంగాల గుత్తులను మెదడు విద్యుత్ పటంలో చూడవచ్చును. కదురు ఆకారంలో ఉండడం వల్ల వాటిని కదురు తరంగాలనవచ్చును. ఈ వ్యాధి ఉన్నవారిలో ఆ తరంగాలు తక్కువగా ఉన్నట్లు 2007 నుంచి వెలువడిన పరిశోధనలు చూపినవి. రాత్రివేళ కూడా కావలి సరిగా లేదన్నమాట.

మూడవది మెదడు చిత్రాలు. 1994లో నాన్సీ ఆండ్రియాసన్ బృందం అనేకమంది రోగుల అయస్కాంత చిత్రాలను సరాసరి చేసి చూచి, థలామస్ ప్రాంతంలో తేడా ఉన్నదని ప్రకటించినది. 2016లో అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి 2,028 మంది రోగుల చిత్రాలను, 2,540 మంది ఆరోగ్యవంతుల చిత్రాలతో పోల్చారు. రోగులలో థలామస్ సగటున కొంత చిన్నది. పరిమాణం కన్న ముఖ్యమైనది సంబంధం. 2012 తరువాత వచ్చిన పరిశోధనలలో, థలామస్‌కు నుదుటి వెనుక ప్రాంతంతో సంబంధం బలహీనపడి, ఇంద్రియ ప్రాంతాలతో సంబంధం అధికమైనట్లు పదే పదే కనిపించినది. ఆజ్ఞ ఇచ్చే అధికారి గొంతు తగ్గి, సంత గోల పెరిగినట్లు.

తన మాటే పరాయిదైనప్పుడు

లేని మాటలు వినబడడం ఎట్లా? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే ఒక వివరణ మాకు మిక్కిలి ఆశ్చర్యం కలిగించినది. మనమందరమూ లోలోపల మాటాడుకొంటూనే ఉంటాము. ఆ మాట పుట్టినప్పుడు మెదడు దాని నకలు ఒకటి తీసి, "ఇది మన సొంత సరుకు, పరాయిది కాదు" అని సంబంధిత భాగాలకు ముందుగా తెలియజేస్తుంది. కొండమీద తన దొడ్డిలో పండిన పనసకాయను తీసుకొని పోయే రైతు చేతిలో ఉన్న చీటీ వంటిది ఈ నకలు.

2002లో మార్క్ సోమర్, రాబర్ట్ వుర్ట్స్ అనే శాస్త్రజ్ఞులు కోతులపై ఒక ప్రయోగం చేశారు. కంటి కదలికకు సంబంధించిన ఇటువంటి నకలు థలామస్‌లోని మధ్య పృష్ఠ కేంద్రకం ద్వారానే పైకి పోతున్నట్లు తెలిసినది. ఆ కేంద్రకాన్ని కొంతసేపు మందుతో నిద్రపుచ్చగా, కోతి తన కన్ను తాను ఎంత కదిలించినదో సరిగా లెక్కగట్టలేకపోయినది. మాట విషయంలో కూడా ఇటువంటి చీటీయే తప్పిపోతే, తన లోపలి మాటే తనకు బయటివాని మాటగా వినబడవచ్చునని శాస్త్రజ్ఞుల అనుమానం. ఇది ఇంకను సిద్ధాంతమే. పూర్తిగా ఋజువైన సత్యం కాదు. కాని ఇది ఆలోచిస్తే, వారు అబద్ధమాడడం లేదని మనకు బోధపడుతుంది. వారు నిజంగానే వింటున్నారు.

ఉర్దూలో ఉన్మత్తుని మజ్నూన్ అంటారు. జిన్ పట్టినవాడని ఆ మాట మూలార్థం. తెలుగులో గాలి సోకినది, పూనినది అంటాము. భాషలు వేరైనా భావం ఒక్కటే. బయటి నుంచి ఏదో లోపలికి ప్రవేశించినదని మన పెద్దలు గ్రహించారు. అనుభవాన్ని వారు సరిగానే వర్ణించారు. కారణాన్ని మాత్రమే పొరబడ్డారు. ప్రవేశించినది భూతం కాదు, నిలుపవలసిన వార్త.

కొండవేరు నుంచి నోబెల్ బహుమతి వరకు

ఈ కథలో మన అడవులకు కూడా ఒక భాగమున్నది. మన దేశంలో తేమ గల అడవులలో, తూర్పు కనుమలలో కూడా, సర్పగంధ అనే చిన్న మొక్క పెరుగుతుంది. దాని వేరును ఉన్మాదానికి, నిద్రలేమికి, పాముకాటుకు వాడడం మన దేశవైద్యంలో ఏనాటి నుంచో ఉన్నది. 1931లో సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరు నుంచి ఒక రసాయనాన్ని వేరు చేసి, దేశభక్తుడు, యునానీ వైద్య శిఖామణి అయిన హకీం అజ్మల్ ఖాన్ స్మృతిచిహ్నంగా దానికి అజ్మలీన్ అని పేరు పెట్టాడు. అదే 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే వైద్యులు ఈ వేరు ఉన్మాదానికి, రక్తపు పోటుకు పనిచేస్తుందని ప్రకటించారు. 1952లో స్విట్జర్లాండులో అదే వేరు నుంచి రిసర్పీన్ అనే మందును వేరు చేశారు. 1954 ప్రాంతంలో అమెరికాలో నేథన్ క్లైన్ దానిని మానసిక రోగులకు ఇచ్చి ఫలితం చూచాడు.

ఇక్కడి నుంచి కథ మరింత రసవంతం. స్వీడను శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పీన్ ఇచ్చాడు. అవి కదలక మెదలక పడిపోయినవి. తరువాత ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించగా లేచి తిరిగినవి. రిసర్పీన్ మెదడులోని కొన్ని రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుందని, వాటిలో డోపమీన్ అతి ముఖ్యమని ఈ మార్గంలో తెలిసినది. 1952లో ఫ్రాన్సులో వాడుకలోనికి వచ్చిన క్లోర్‌ప్రోమజీన్ అనే మందు కూడా డోపమీన్ పనినే అడ్డుకొంటుందని తరువాత స్పష్టమైనది. 2000 సంవత్సరంలో కార్ల్‌సన్ నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

ఆ కార్ల్‌సనే 1988లో డోపమీన్‌ను థలామస్‌తో ముడివేశాడు. మెదడు అడుగుననున్న కొన్ని కేంద్రాలు థలామస్ తలుపును బిగించి ఉంచుతాయని, డోపమీన్ మితిమీరితే ఆ బిగువు సడలి, వల్కలం మీదికి వార్తల వరద పారుతుందని ఆయన ప్రతిపాదించాడు. మందులు ఆ బిగువును మరల సరిచేస్తాయన్నమాట. ఆ పాకలోని యువకుని బాధను గురించి మేము వెదకిన వివరణ, ఆ పాక చుట్టునున్న కనుమలలో పెరిగే వేరుతోనే మొదలైనదని గ్రహించి మేము నివ్వెరపోయాము.

ఒక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ సర్పగంధ వేరును నూరి ఇవ్వరాదు. అది రక్తపు పోటును ప్రమాదకరంగా దించగలదు, దిగులును కలిగించగలదు. దానికన్న మేలైన మందులు వచ్చినందున ఈ వ్యాధికి దాని వాడుక ఏనాడో పోయినది.

మరియొక హెచ్చరిక. థలామస్ ఒక్కటే ఈ వ్యాధికి మూలమని మేము చెప్పడం లేదు. పైన చెప్పిన తేడాలు వందలమంది సగటులో కనబడేవి. ఒక మనిషి మెదడు చిత్రం తీసి ఇతనికి ఈ వ్యాధి ఉన్నదని తేల్చడం సాధ్యం కాదు. వైద్యుడు రోగితోను, ఇంటివారితోను మాటాడియే నిర్ణయిస్తాడు. వంశపారంపర్యం, గర్భస్థ దశలోని చిక్కులు, జీవితంలోని తీవ్రమైన ఒత్తిళ్లు, ఇవన్నీ కలిసి వ్యాధికి దారి తీస్తాయి.

గంజాయిని గురించి

కారణాలలో ఒకదానిని విద్యార్థుల కోసం ప్రత్యేకించి చెప్పవలెను. 1987లో స్వీడనులో 45,570 మంది సైనిక యువకులను 15 సంవత్సరాల పాటు గమనించిన పరిశోధన ప్రకటించబడినది. 50 సార్లకు మించి గంజాయి పీల్చినవారికి, పీల్చనివారి కన్న స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు అధికంగా వచ్చినది. గంజాయి పీల్చిన ప్రతివానికి ఈ వ్యాధి వస్తుందని కాదు. కాని ఎవరి కావలివాడు ముందే అలసి ఉన్నాడో ఎవరికీ తెలియదు. మన కొండలలో రహస్యంగా పండి, మన పట్టణాలలో రహస్యంగా అమ్ముడయ్యే ఈ ఆకు విషయంలో "ఒక్కసారి చూద్దాం" అనే స్నేహితుడు స్నేహితుడు కాడు.

గొలుసు

గూడెంలోని తల్లిని అజ్ఞానురాలని నిందించే అధికారం మాకు లేదు. మా ఇంటి సంగతి చెప్పుకొంటాము. మా అమ్మగారి తమ్ముడు చదువుకొన్నవాడు, ఉర్దూలో గజళ్లు వ్రాసేవాడు. బావి గిలక తన పేరు పిలుస్తున్నదని ఆయన అనేవాడు. మేము పిల్లలము, నవ్వేవారము. ఇంట్లో పెండ్లికావలసిన ఆడపిల్లలు ఉన్నారని, సంబంధాలు తప్పిపోతాయని, మామూను వెనుక గదిలో ఉంచి తలుపు గడియ పెట్టేవారు. తాయెత్తులు కట్టించారు. వైద్యుని వద్దకు మాత్రం తీసుకొనిపోలేదు. ఏలనన వైద్యుని వద్దకు పోతే నలుగురికీ తెలుస్తుంది. ఆ గదిలోనే ఆయన కాలం చేశాడు. పట్టణంలో, చదువుకొన్న ఇంట్లో జరిగిన ముచ్చట ఇది. మన్యంలో పలుపుతాడు, మా ఇంట్లో గడియ. భేదం అంతే.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ఆశ్రయ గృహానికి నిప్పంటుకొన్నది. దర్గా దర్శనంతో నయమవుతుందనే ఆశతో బంధువులు తెచ్చి విడిచిన మానసిక రోగులు అందులో ఉన్నారు. కాళ్లకు గొలుసులు ఉన్నందున పారిపోలేక 28 మంది మరణించారు. ప్రార్థనను ఎవరూ కాదనరు. ప్రార్థించే మనిషి కాలికి గొలుసు ఎందుకన్నదే ప్రశ్న. చరిత్రను చూచినా, 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించిన వైద్యశాలలో మానసిక రోగులకు కూడా ప్రత్యేక విభాగం ఉండేది. వారిని రోగులుగా చూడడం మన పూర్వులకు తెలియనిది కాదు.

నేడు చట్టం కూడా స్పష్టంగా ఉన్నది. 2017లో పార్లమెంటు చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమలులోనికి వచ్చినది. మానసిక రోగిని ఏ విధంగానైనా గొలుసులతో బంధించరాదని 95వ సెక్షన్ నిషేధిస్తున్నది. ప్రభుత్వ వైద్యం పొందడం వారి హక్కు అని 18వ సెక్షన్ చెప్పుచున్నది. విశాఖపట్నం చినవాల్తేరులోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీమానస్ ద్వారా 14416 అనే సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే సలహా పొందవచ్చును.

విద్యార్థులకు, కమిటీవారికి

మరుసటి సంవత్సరం మేము ఆ గూడేనికి మరల వెళ్లాము. ఈసారి వట్టి చేతులతో పోలేదు. ఆశా కార్యకర్తను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుని ముందుగా కలుసుకొన్నాము. తల్లిని ఒప్పించడానికి రెండు దినాలు పట్టినది. చివరకు ఒప్పించినది మా ఉపన్యాసం కాదు. "అమ్మా, ఎజ్జోణ్ణి మానొద్దు, కట్టుమాత్రం విప్పు, మందు కూడా ఇయ్యి" అన్న ఆశా కార్యకర్త మాట. పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు మొదలైనవి. తరువాత మేము చూచినప్పుడు ఆ యువకుడు జీడితోటలో పనిచేస్తున్నాడు. చేతులు కొంచెం వణుకుతున్నవి. మందువల్ల కలిగే బాధ అది. "ఇంకా మాటాడతాయా?" అని అడిగాము. "అప్పుడప్పుడు. కానీ దూరంగా ఉంటాయి సారూ" అన్నాడు. పూర్తిగా నయమైనదని మేము చెప్పము. తలుపు కొంత మూసుకొన్నది, అంతే. ఆ మాత్రానికే మనిషి మనుషులలో కలిశాడు.

మొదటిసారి చూచినప్పుడే మాకు ఇది తెలిసి ఉన్నట్లయితే అతనికి ఒక సంవత్సరం మిగిలేది. వైద్యం ఆలస్యమైన కొలది కోలుకోవడం కష్టతరమవుతుందని వైద్యులు చెప్పుచున్నారు. ఆ పోయిన సంవత్సరం మా లెక్కలోనిది. మామూ జీవితమంతా మా ఇంటి లెక్కలోనిది.

కావున మన కళాశాల కమిటీవారికి ఒక మనవి. ప్రతి విద్యాసంవత్సరారంభంలో ఒక మనోవైద్యుని పిలిపించి ఒక పూట మాటాడించవలెను. తరగతికి రావడం మానివేసి, స్నేహాలు విడిచి, తనలో తాను మాటాడుకొంటున్న విద్యార్థిని హాజరు తక్కువైనదని పేరు కొట్టివేసే ముందు, ఇంటికి ఒక మనిషిని పంపవలెను.

విద్యార్థులకు చెప్పేది ఇంకా చిన్నది. మీ వాడలోనో, మీ ఇంటిలోనో గడియ వేసిన గది ఒకటి ఉండవచ్చును. దాని లోపల ఉన్నవాడు దయ్యం పట్టినవాడు కాడు. కావలి సడలిన ఇంట్లో నిద్రలేక కూర్చున్నవాడు. గడియ తీసి, అతని ప్రక్కన కూర్చుండి, "ఏమి వినబడుతున్నది?" అని అడగండి. మేము ఆ ప్రశ్నను మా మామూను ఒక్కసారి కూడా అడగలేదు.